పండు ఊపిరి

తెరుచుకుంటాయి. గోరువెచ్చని నీళ్ళు పోశాను, కాడల చివర్లు నీళ్ళలోనే ఏటవాలుగా మళ్ళీ కోశాను, బకెట్టుకి కాస్త చొప్పున పంచదార కలిపాను, ఎండ తగలకుండా కిటికీ తలుపు చేరవేశాను, ఈ పూలు ఇంక తెరుచుకోక ఏం చేస్తాయి. వ్యాను వచ్చేదాకా టైముంది. ముక్కాలిపీట లాక్కుని బకెట్ల ఎదురుగా కూర్చున్నాను, జ్వరం పడ్డ పిల్లల మంచం దగ్గర కూర్చున్నట్టు. బాగున్న కార్నేషన్ పువ్వుకి అంచులు కత్తెరతో గాట్లు పెట్టిన కాగితంలా నిక్కబొడుచుకుని ఉంటాయి, వేలు పెడితే కరకరమంటాయి. వీటిలో వేలు పెడితే మెత్తగా లోపలికి పోతోంది. రెక్కలన్నీ మధ్యలోకి ముడుచుకుని, ఏదో అనబోయి నోరు మూసుకున్నట్టు ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఇంకా విచ్చుకోని మొగ్గలే అనుకుంటారు ఎవరైనా. నేను అనుకోలేను. మొన్న పొద్దున్న వీటిని కోసింది నేనే. అప్పటికి పై వరస రెక్కలు పక్కకి వాలుతున్నాయి, మీగడ రంగు, అంచున కాస్త గులాబీ చాయ. సాయంత్రం ఇవి కళ్ళ డాక్టరమ్మగారి కొత్త ఆసుపత్రిలో ఉండాలి, గుమ్మం దగ్గర, మందులిచ్చే కిటికీ దగ్గర, పేషెంట్లు కూర్చునే బల్లల మధ్య. డాక్టరమ్మగారు ఆ పని నాకు చెప్పారు. కొట్టుకి కాదు, మా ఆయనకి కాదు, నాకు.

మధ్యాహ్నం కోల్డ్ రూము తలుపు తీయగానే ముందు వాసన తగిలింది. పూల వాసన కాదు. తియ్యగా, బరువుగా, బాగా ముగ్గిన అరటిపండు వాసన. నా బకెట్ల వెనక, కింది అరలో, తడి గోనెపట్టా కప్పిన బుట్ట. పట్టా ఎత్తితే అరటిపళ్ళు, యాపిల్ పళ్ళు, అడుగున మచ్చలు పడి మెత్తబడ్డవి ఇంకేవో. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని చూడబోయేవాళ్ళు పళ్ళూ పూలూ కలిపిన బుట్టలు అడుగుతుంటారు, మా కొట్లో అవీ కడతాం, కాబట్టి పళ్ళు రావడం వింత కాదు. అవి ఆ గదిలో ఉండటమే వింత. ఈ కొట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది, నేర్పింది ఆయనే. పండు ఊపిరి పువ్వుకి పడదు. ముగ్గే పండు తన గాలి వదులుతూనే ఉంటుంది, అది సోకితే పువ్వు ముడుచుకుంటుంది, అందులోనూ కార్నేషన్ అయితే నిద్రపోతుంది, ఆ నిద్రలోంచి ఇంక లేవదు. పెళ్ళయిన కొత్తలో కోల్డ్ రూములో నేను వణుకుతుంటే తన స్వెటరు విప్పి నా భుజాల మీద వేసి మరీ చెప్పారు. "అత్తనీ కోడలినీ ఒక గదిలో పెట్టినా పెట్టొచ్చు గానీ, పండునీ పువ్వునీ పెట్టకూడదు, గుర్తుంచుకో." బయట గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అత్తయ్య, "మధ్యలో నా ఊసెందుకురా!" అని కేకేసింది. ముగ్గురం నవ్వుకున్నాం. నాకు ఆ స్వెటరు వాసన ఇప్పటికీ గుర్తు, ఆకుల పసరూ సబ్బూ కలిసిన వాసన.

మా అమ్మకి కూడా పండు ఊపిరి సంగతి తెలుసు, ఆ మాట తెలియదు అంతే. పచ్చికాయల్ని గడ్డిలో పేర్చి మధ్యలో ఒక్క ముగ్గిన పండు దాచేది. "ఇది మిగతావాటికి చెబుతుందే" అనేది. ఏం చెబుతుందమ్మా అంటే, "ఆడుకున్నది చాలు, పెద్దవ్వండని." అమ్మ పెరట్లో చిల్లుపడ్డ బాల్చీల్లో, నూనె డబ్బాల్లో, మూతి పగిలిన కుండల్లో పూలు పెంచేది, కానీ కోయనిచ్చేది కాదు. ఒక్క మా బడి పంతులమ్మగారి బల్ల మీదికి మాత్రం, అదీ వాడిపోవడానికి దగ్గరపడ్డవి చూసి, నాలుగు కాడలు తుంచి తడిగుడ్డ చుట్టి ఇచ్చేది. దారంతా ఆ గుడ్డ ఆరిపోకుండా చెరువు కనిపిస్తే చెరువులో, పంపు కనిపిస్తే పంపు కింద తడుపుకుంటూ వెళ్ళేదాన్ని. పంతులమ్మగారు గాజు గ్లాసులో పెట్టి, పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఒకసారి వాటివైపు చూసేవారు. ఆ ఒక్క చూపు కోసం నేను ఎదురు చూసేదాన్ని. పూలకొట్టువాళ్ళ సంబంధం వచ్చిందంటే అమ్మ ఎంతకీ నమ్మలేదు. "పూలు కొనుక్కునేవాళ్ళు కూడా ఉంటారా? పెంచుకోవడానికి వాళ్ళకేం రోగం?" అంది. తర్వాత నన్ను చూసి, "పోనీలే, నీకు నచ్చిన చోటికే పంపిస్తున్నాం" అంది. నచ్చిన చోటే. అబద్ధం చెప్పను, ఇది నాకు నచ్చిన చోటే.

పొరపాటే అయి ఉండాలి. ఆయన మతిమరుపు నాకు తెలియనిదా, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. ఒకసారి పెళ్ళివారికి పంపాల్సిన బొకే మీద "త్వరగా కోలుకోవాలి" అన్న కార్డు గుచ్చి పంపేశారు, ఆపరేషన్ అయిన పెద్దాయనకేమో "మీ కొత్త జీవితం సుఖంగా సాగాలి" అని వెళ్ళింది. పెళ్ళికొడుకు ఫోన్ చేసి తిడుతుంటే, "తప్పేం రాయలేదు కదండీ, ఆర్నెల్లాగి చదువుకోండి" అన్నారు. ఆ పెళ్ళికొడుకు కూడా నవ్వేశాడు. అలాంటి మనిషి. ఆయన కోపాన్ని ఎవరూ చూడరు, అందరికీ ఆయన నవ్వే కనిపిస్తుంది. పళ్ళు తెచ్చి, బల్ల మీద పెట్టబోయి, ఫోన్ వస్తే మాట్లాడుతూ మాట్లాడుతూ కోల్డ్ రూములో పెట్టేసి ఉంటారు. గోనెపట్టా ఎందుకు కప్పారు? ఎండిపోకుండా. ఎండిపోకుండా పళ్ళ మీద ఎవరు పట్టా కప్పుతారు? ఈగలు ముసురుతాయని. కోల్డ్ రూములో ఈగలేవి? సరే, ఏదో ఒకటి. తలుపు పక్కన చలి పెంచే మర కూడా సగానికి తిప్పి ఉంది, లోపల గాలి చల్లగా లేదు, ఊరికే గాలిలా ఉంది. కరెంటు ఆదా అనుకుని ఉంటారు. నిన్న కొట్టుకి సెలవు కదా.

ఒక పువ్వు కదిలింది. లేదు, కదిలింది ఫ్యాను గాలికి. మొహం దగ్గరగా పెట్టి చూశాను, పై రెక్క అంచు పారదర్శకంగా అయిపోయింది, నానిన ఉల్లిపొరలా. పంచదార నీళ్ళు కాడ వెంట ఎక్కడిదాకా ఎక్కి ఉంటాయి ఇప్పటికి?

నిన్న సెలవైనా ఆయన పొద్దున్నే వచ్చారు, "తాళం సరిగా పడిందో లేదో చూసొస్తా" అని. సాయంత్రం దాకా ఇంటికి రాలేదు. నేను సాయంత్రం పక్కసందు గేటు తీసుకుని వెనక జాగాలోకి వచ్చి మొక్కలకి నీళ్ళు పెట్టుకున్నాను. కొట్టు లోపల లైటు వెలుగుతోంది. తాళం చెవి ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి నేను తలుపు వైపు వెళ్ళలేదు. కత్తెర చప్పుడు మాత్రం వినపడింది, టకటకా టకటకా, ఆయన చెయ్యి పడితే కత్తెర అలా పాడుతుంది, ఆ చప్పుడు నాకిష్టం. పాపం, సెలవు రోజు కూడా పని చేసుకుంటున్నారే అని జాలిపడి, పిలవకుండా వెళ్ళి వంట మొదలుపెట్టాను.

ఇంతకుముందు వ్యాను నడిపిన మనిషి ఒకతను తన భోజనం సంచీ కోల్డ్ రూములో పెట్టాడు ఒకరోజు, అందులో ఒకే ఒక్క అరటిపండు ఉంది. ఆయనకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. సంచీ వీధిలోకి విసిరేశారు. "నా పూలన్నిటికీ విషం పెడతావురా?" అన్నారు. ఒక్క పండుకి. అతను డబ్బా ఏరుకుని మట్టి దులుపుకుని, సాయంత్రానికే పని మానేశాడు. అయినా మనిషన్నాక ఎప్పుడూ ఒకేలా ఉంటాడా.

అత్తయ్య గల్లాపెట్టె దగ్గర నుంచి మెడ చాపి చూసింది. "ఏమైనా కదలికుందా?"

"ఇంకా లేదత్తయ్యా. పళ్ళ బుట్ట లోపల మీరు పెట్టించారా?" తెలిసే అడిగాను. ఆవిడే పెట్టించానంటే బాగుండునని అడిగాను.

"నేనా? నా మోకాళ్ళకి ఆ గదిలోకి పోతే మూడు రోజులు లేవలేనని నీకు తెలీదూ? ఆ గడప తొక్కి ఎన్నాళ్ళయిందో." మళ్ళీ గల్లాపెట్టె వైపు తిరుగుతూ అంది, "మగవాళ్ళ పొరపాట్లు వెతకడం మొదలెడితే మనకి వేరే పనుండదు, వదిలెయ్."

వదిలేస్తాను. తెరుచుకుంటే వదిలేస్తాను. ఒట్టు. ఈ బకెట్లలో సగం తెరుచుకున్నా చాలు, బుట్ట సంగతి ఇంక నోరెత్తి అడగను.

వీటిని మొక్కలు అనడానికి కూడా లేని రోజుల నుంచి పెంచాను. తెగిన గడ్డిపోచల్లాంటి తుంపులు, ఇసకలో గుచ్చి, పైన తడిగుడ్డ పరిచి, వేళ్ళు వచ్చాయో లేదో చూడాలని పీకబుద్ధయి చేతులు కట్టుకుని కూర్చున్న రోజులు. తర్వాత తలలు గిల్లడం, గిల్లితేనే పక్క కొమ్మలొస్తాయి, గిల్లేటప్పుడు ప్రతిసారీ పాపం అనిపించేది. ఎదిగాక తమ బరువు తాము మోయలేవు ఇవి, పడిపోతాయి, నిలబెట్టడానికి గళ్ళవల కట్టాలి. ఆ వల తెచ్చింది ఆయనే. "పుట్టినరోజుకి ఎవరైనా చీర అడుగుతారు, నువ్వేంటే చేపలు పట్టేదానిలా వల అడిగావు" అని భుజం మీద వేసుకొచ్చి, మేకులు కొట్టి, నాలుగు మూలలా లాగి కట్టి ఇచ్చారు. అప్పుడు ఈ పూలు నా సరదా. టిఫిన్ చేసి వచ్చి నిలబడి చూసేవారు. "మా ఆవిడ ఆటబొమ్మలు" అని కొట్టుకొచ్చినవాళ్ళకి చూపించేవారు. వల కట్టిన చేతులు బుట్ట పెడతాయా? పెట్టవు. మరి ఆ డాక్టరమ్మ వచ్చిన రోజు?

ఆ రోజు డాక్టరమ్మగారికి ఆయన గులాబీలు చూపిస్తున్నారు. బొటనవేలితో పై రెక్కలు ఒక్కొక్కటే వెనక్కి మడిచి మొగ్గని పెద్ద పువ్వుగా చేయడం ఆయన విద్య, చూడటానికి గారడీలా ఉంటుంది, ఎంతటివాళ్ళయినా నోరు తెరుచుకుని చూస్తారు. ఆవిడ చూడలేదు. గల్లాపెట్టె పక్కన నేను టీ గ్లాసులో పెట్టుకున్న కార్నేషన్లు చూస్తోంది. "ఇవెవరు పెట్టారు?" నేనండీ. "ఎక్కడ కొన్నారు?" పెంచానండీ, వెనక. ఆవిడ నన్ను మా పంతులమ్మగారు గ్లాసుని చూసినట్టు చూసింది. "నా ఆసుపత్రికి ఇవే కావాలి. నువ్వే పెట్టాలి. బాగుంటే వారం వారం నువ్వే వచ్చి పెట్టి వెళ్ళు, నేను ఇంకెవరినీ పిలవను." అని ఆయనవైపు తిరిగి, "మీరు ముట్టుకోకండి సుమా, మీ చెయ్యి పడితే పెళ్ళి పందిరిలా చేసేస్తారు" అంది. హాస్యానికే అంది. అందరికంటే పెద్దగా నవ్వింది ఆయనే. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆవిడ వెళ్ళాక ఆ గులాబీని, రెక్కలు మడిచి పెద్దది చేసినదాన్ని, చెత్తబుట్టలో వేశారు. అలా మడిచిన పువ్వు ఎలాగూ నిలవదు, అందుకే వేసి ఉంటారు.

మర్నాటి నుంచి నా పేరు ప్రొప్రైటరుగారు. "ప్రొప్రైటరుగారికి టీ కావాలా?" "ప్రొప్రైటరుగారూ, ఇవాళ కూర ఏం వండుతున్నారు, పెద్దవాళ్ళు, మమ్మల్ని గుర్తుపెట్టుకోండి." అత్తయ్య కిసుక్కున నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఉడుక్కున్నాననుకుంటారు. డాక్టరమ్మగారు తన గాజు గిన్నెలు పంపించింది, పొట్టివి, వెడల్పాటివి, పువ్వు పేషెంటు కంటికి అడ్డం రాకూడదట. నేను ఒక పుల్ల తీసుకుని గిన్నె లోతుకి గాటు పెట్టుకున్నాను, కాడలు ఇంతే ఉండాలని. ఆయన ఆ పుల్ల ఎత్తి చూసి, "ఇదేంటి, పళ్ళుతోముకునేదా" అన్నారు. అది కూడా నవ్వులాటే. రాత్రి పక్కమీద మాత్రం అటు తిరిగి పడుకుని అన్నారు, "వారం వారం నువ్వు అక్కడికి పోతే ఇక్కడ ఎవరు చూస్తారు?" వారానికి ఒక్క పూటే కదండీ, అన్నాను. "మొదలు ఒక్క పూటే" అన్నారు. తర్వాత గురక. ఆ గురక నిజం గురక కాదు, ఆయన నిజం గురకలో మధ్యమధ్య ఒక ఈల ఉంటుంది. నేను గోడ చూస్తూ పడుకుని, గిన్నెల్లో పూల పక్కన ఏ ఆకు పెట్టాలా అని ఆలోచించుకున్నాను. సంతోషంగా ఉన్నాను. ఇంతకుముందు ఎప్పుడూ అంత సంతోషంగా లేను, అది పైకి కనిపించకూడదని మాత్రం అనుకున్నాను. కనిపించిందేమో.

ఇప్పుడు కాడలు కాస్త మెడలు వాలుస్తున్నాయి. నీళ్ళు తాగే పువ్వు మెడ వాల్చదు.

వ్యాను చప్పుడు. ఆయన లోపలికి వచ్చి బకెట్లు చూసి నుదురు కొట్టుకున్నారు. "అయ్యయ్యో! ఏమైందే?" నా పక్కన గొంతుక్కూర్చుని ఒక పువ్వు పట్టుకుని, పై రెక్క మెల్లగా వెనక్కి మడవబోయారు. రెక్క ఊడి వేలికి అంటుకుంది. "పళ్ళు లోపల ఎవరు పెట్టారు? నేనేనా? నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది. చెప్పు తీసుకుని కొట్టవే నన్ను." ఆయన గొంతులో బాధ ఉంది. చెవి రిక్కించి విన్నాను, బాధే. నాకు ఏడుపొచ్చింది. చూశావా, పొరపాటేనని తనే ఒప్పుకుంటున్నారు, ఇంతసేపూ ఈ మనిషి మీద నేను ఎన్ని అనుకున్నాను అని సిగ్గేసింది. ఆయన మోచెయ్యి పట్టుకోబోయాను.

"సరేలే, ఏడవకు. నా గులాబీలున్నాయిగా, గండం గట్టెక్కుతుంది. డాక్టరమ్మకి నేను చెబుతాలే, మొదటిసారి కదా, అమ్మాయికి అనుభవం లేదని. పద, ముందు గదిలో బకెట్లు అందుకో."

ముందు గదిలో ఫ్యాను కింద గులాబీలు. కోల్డ్ రూములో ఉండాల్సినవి ఇవి బయటెందుకున్నాయని పొద్దున్న ఒకసారి అనుకుని మరిచిపోయాను, అమ్మకానికి తీశారనుకున్నాను. ఎర్రవి, లేత పసుపువి, చక్కగా నీళ్ళు తాగి నిండుగా ఉన్నాయి. ఒక బకెట్టు ఎత్తాను. తేలిగ్గా వచ్చింది. గులాబీల బకెట్టు అంత తేలిగ్గా రాదు, పొడుగు కాడలు, బరువు. చెయ్యి పెట్టి ఒక గుత్తి పైకి తీశాను. కాడలు పొట్టివి. ముళ్ళు మొత్తం తీసేసి, కింది ఆకులు దూసేసి, అన్నీ ఒకే పొడవుకి కోసి ఉన్నాయి. గులాబీకి కాడ పొడవే విలువ, అమ్ముడయ్యేదాకా ఎవరూ కోయరు, పొట్టిగా కోసిన గులాబీని ఎవరూ కొనరు, ఆయన నాకు నేర్పిన రెండో పాఠం అది. బల్ల మీద గాజు గిన్నె ఉంది. గుత్తిని దాని పక్కన పెట్టాను. గిన్నె అంచు మీద పువ్వు తల సరిగ్గా కూర్చుంది.

కాడ తిప్పి చివర చూశాను. అప్పుడే కోసిన కాడ లోపల లేతగా, తెల్లగా, తడిగా ఉంటుంది. ఇది గోధుమరంగుకి తిరిగి గట్టిపడింది. నిన్నటి కోత. టకటకా టకటకా.

"వీటినెప్పుడు కోశారండీ?"

"ఏవీ?"

"గులాబీలు. గిన్నెల కొలతకి."

"ఇందాక..." అని నా చేతిలో కాడ చివర చూసి ఆగిపోయాడు. పూలపని తెలిసిన మనిషి, కాడ చివరతో వాదించలేడు. కళ్ళు ఒకసారి చుట్టూ తిరిగి వచ్చాయి. తర్వాత అందరికీ తెలిసిన ఆ నవ్వు నవ్వాడు. "వ్యాపారంలో ముందుచూపు ఉండాలే. నీ పూలు పాడైతే ఎట్లా అని ముందే ఆలోచించా. తప్పా?"

"నిన్న పాడవలేదుగా."

"ఇవాళ పాడయ్యాయిగా."

అంతే. ఇంక దాచడానికి కూడా ఏం లేదన్నట్టు వంగి బకెట్లు వ్యానులోకి చేరవేయడం మొదలుపెట్టాడు. నేను అనుకునేదాన్ని, ఇలాంటివి తెలిసినప్పుడు గుండె ఆగిపోతుందనో, ఒళ్ళు మండిపోతుందనో. అలా ఏం కాలేదు. అతని మెడ వెనక చెమటకి అంటుకున్న చిన్న ఆకుముక్క కనిపిస్తోంది, రోజూ అయితే తీసేదాన్ని, ఇవాళ తీయలేదు, ఆ తీయకపోవడం మాత్రం నాకు తెలుస్తోంది. స్వెటరు వేసిన చేతులూ, వల కట్టిన చేతులూ, తడి గోనెపట్టా జాగ్రత్తగా కప్పిన చేతులూ అవే. వాసన బయటికి రాకూడదని కప్పాడా, నేను చూడకూడదని కప్పాడా? కప్పేటప్పుడు నన్ను ఒక్కసారైనా అనుకున్నాడా? అనుకునే ఉంటాడు. అనుకోకపోతే అంత శ్రద్ధగా చేయలేడు. నా కోసం అతను అంత శ్రద్ధగా చేసిన పని ఈ మధ్య ఇంకొకటి లేదు.

ఫోన్ మోగింది. అతను చెయ్యి చాచేలోపే నేనే తీశాను. డాక్టరమ్మగారు. వెనక కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఎవరో దగ్గుతున్నారు. "అమ్మాయ్, బయల్దేరారా? జనం వచ్చేస్తున్నారు."

"కార్నేషన్లు లేవండీ" అన్నాను. "గులాబీలొస్తున్నాయి. మా ఆయన తెస్తున్నారు. అవి నావి కాదండీ."

ఇంకా చెబుదామనుకున్నాను. ఆవిడ అడుగుతుందనుకున్నాను, ఏమయ్యాయి అని, ఆ టీ గ్లాసులోవి ఏమయ్యాయి అని.

"ఎవరివైతేనేం లేమ్మా, వేళకి రావాలి అంతే. ముందే మీ ఆయనకి అప్పజెప్పి ఉండాల్సింది, నాదే బుద్ధి తక్కువ. తొందరగా పంపించు" అని పెట్టేసింది.

అతను వ్యాను తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "రా, గాజు గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి, లేకపోతే పగులుతాయి."

"నేను రాను."

"డాక్టరమ్మ అడిగితే ఏం చెప్పను?"

"ముందుచూపుంది కదా మీకు, ఏదో ఒకటి చెప్పండి."

ఒక్క క్షణం నావైపు చూశాడు. కోపం కాదు, ఆశ్చర్యం, గోడ మాట్లాడితే చూసినట్టు. తర్వాత అత్తయ్యతో, "దీనికి తలనొప్పట, నువ్వు చూసుకో" అని, గిన్నెలు ఒకదాంట్లో ఒకటి గుడ్డముక్కలు పెట్టి సర్దుకుని వెళ్ళిపోయాడు. వ్యాను మలుపు తిరిగేదాకా గాజు చప్పుడు వినిపించింది.

అత్తయ్య సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. "మీ మామయ్యా ఇంతే" అంది, నావైపు చూడకుండా. "బొకేలకి రిబ్బను నా అంత బాగా కట్టేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని నలుగురూ అనడం మొదలెట్టారు. పని కష్టం నీకెందుకూ అని తెచ్చి ఈ గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టారు. కూర్చోలేదూ నేను? నీడపట్టున ఉన్నాను, కాళ్ళు నొప్పెట్టలేదు." ఆవిడ మోకాళ్ళు బల్ల కింద తెల్లగా వాచి ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని ఎప్పటి మనిషైపోయింది. "ఆ పూలు పారబొయ్యకు. ముందుకి తెచ్చి పెట్టు. చూడ్డానికి మొగ్గల్లానే ఉన్నాయి, రేపు విచ్చుకుంటాయని చెప్పి చవగ్గా ఇచ్చేద్దాం."

తేలేదు. ఆవిడే లేచి, బల్లా గోడా పట్టుకుంటూ వచ్చి, ఒక బకెట్టు ఈడ్చుకుంటూ ముందుకి తీసుకెళ్ళింది. నీళ్ళు ఒలికి ఆ దారంతా తడి గీత పడింది. నేను గుడ్డ తెచ్చి ఆ గీత తుడుస్తుంటే బయట స్కూటరు ఆగింది. ఆపలేదు, ఇంజను అలాగే కొట్టుకుంటోంది. ఒక నడివయసు మనిషి, హెల్మెట్టు తీయకుండానే గడప దాటి వచ్చాడు.

"ఏవైనా పూలు ఇవ్వండమ్మా, తొందరగా. మా ఆవిడకి. పొద్దున్న కాస్త మాటా మాటా అనుకున్నాం."

"ఇవి తీసుకో బాబూ" అంది అత్తయ్య. "మేలు రకం. ఇంకా మొగ్గలే, రేపటికి విచ్చుకుంటాయి."

"విచ్చుకోవండీ" అన్నాను, నేల మీద నుంచే. "చచ్చిపోయాయి."

అత్తయ్య నాలిక కొరుక్కుంది. ఆ మనిషి నన్నూ, బకెట్టునీ మార్చి మార్చి చూశాడు, ఒక పువ్వు పైకి తీసి అటూ ఇటూ తిప్పాడు. అంతలోనే నవ్వాడు, మంచి నవ్వే, ఎవరికైనా నచ్చే నవ్వు. "నిజం చెప్పావు, సంతోషం. కానీ ఫరవాలేదమ్మా, మొగ్గల్లానే ఉన్నాయిగా. ఇవాళ చేతిలో పెడితే చాలు. కట్టిచ్చెయ్యి, ఆవిడకేం తెలుస్తుంది!"

అత్తయ్య అప్పటికే కాగితం చింపి, రిబ్బను చుట్ట విప్పుతోంది, వేళ్ళు ఎంత చకచకా కదులుతున్నాయో. నేను లేచి వెళ్ళి అతని చేతిలోంచి ఆ పువ్వు తీసుకున్నాను.

"తెలుస్తుందండీ" అన్నాను. "ఆవిడకి తెలుస్తుంది."